జీను మీద బడి

నడుం నిలపడం, అడిగి తీసుకోవడం, వంతు వచ్చేదాకా ఆగడం... ఇవన్నీ గుర్రం దగ్గర నేర్చుకుంటున్న పిల్లలున్నారు. ఆ చదువు ఎలా సాగుతుంది? ఎంతవరకు పనిచేస్తుంది? ఒడిశాలోని బరంపురం లాంటి ఊరికి అది రావాలంటే ఏమేం కావాలి?

రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర వచ్చిందంటే బరంపురం మొత్తం వీధుల్లోనే ఉంటుంది. అమ్మవారు పుట్టింటికొచ్చే ఆ పండక్కి పెద్దరికం వహించేది 17వ శతాబ్దంలో ఇక్కడికి వలసొచ్చిన తెలుగు నేతగాళ్ల వారసులే. మొక్కు తీర్చుకోవడానికి పిల్లలకి వేషాలు కట్టి తిప్పడం అక్కడి ఆనవాయితీ. గంజాం పల్లెల్లో ఠాకురాణి ఊరేగింపు ముందు జంతు ముఖాల నాట్యం సాగుతుంది. పులి, ఎద్దు, గుర్రం. ఒక్కో బొమ్మలో ఇద్దరేసి మనుషులు దూరతారు. వాద్యం మోగగానే ఆ బొమ్మ గుర్రం గంతులేస్తుంది, దాని వెనకే పిల్లలు పరుగులు తీస్తారు.

ఆ పిల్లలకి గుర్రం బొమ్మల్లోనూ కథల్లోనూ బాగా తెలిసిందే. ఒడిశా ప్రభుత్వ ముద్రలో కనిపించేది కోణార్క గుర్రం. కాంచి దండయాత్రకి జగన్నాథుడూ బలభద్రుడూ నల్ల గుర్రం, తెల్ల గుర్రం ఎక్కి వెళ్తూ దారిలో మాణిక అనే గొల్లభామ దగ్గర పెరుగు తాగిన కథని అక్కడి పిల్లలకి అవ్వలు చెబుతారు, పటచిత్రకారులు గీస్తారు. మరి నిజం గుర్రం? పెళ్లి ఊరేగింపులో వరుడి కింద ఒకసారి, సముద్రపు ఒడ్డున సవారీకి ఒకసారి.

ఆ నిజం గుర్రమే కొన్ని దేశాల్లో దాదాపు అరవై ఏళ్లుగా పిల్లలకి చదువు చెబుతోంది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, చూపు లోపం, ఒక్కచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ లాంటివి ఉన్న పిల్లల కోసం లాయం పక్కనే తరగతులు నడుస్తున్నాయి. మన దేశంలోనూ పెద్ద నగరాల్లోని కొన్ని స్వారీ శిక్షణ కేంద్రాలు ఇలాంటి పిల్లల్ని చేర్చుకుంటున్నాయి. 2011 జనగణన లెక్కలో ఒడిశాలో వైకల్యమున్నవారు 12.44 లక్షల మంది. వాళ్లలో ఎక్కువమంది ఉండేది పెద్ద నగరాల్లో కాదు. అందుకే ఈ చదువు గురించి బరంపురం వైపు నుంచి ఆలోచించాలి.

హెల్సింకీలో ఒక రజతం

ఈ కథలో మొదట చెప్పుకోవాల్సింది లిజ్ హార్టెల్ గురించి. డెన్మార్క్‌కి చెందిన ఈ రౌతుకి 1944లో, ఇరవై మూడేళ్ల వయసులో, కడుపుతో ఉండగా పోలియో సోకింది. బిడ్డ క్షేమంగా పుట్టింది. తల్లికి మాత్రం మోకాళ్ల కింద పట్టు పోయింది. చేతులూ తొడలూ కూడా దెబ్బతిన్నాయి. పసిపిల్లలా పాకడం దగ్గర్నుంచి అన్నీ మళ్లీ నేర్చుకుందామె. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా మనిషి సాయం కావాలి. ఎక్కాక మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు. కాళ్లతో ఇవ్వాల్సిన సైగల్ని నడుం కదలికతో, కూర్చున్న బరువుని ఇటూ అటూ మార్చడంతో ఇవ్వడం సాధన చేసింది. జూబిలీ అనే ఆమె గుర్రం ఆ కొత్త భాషని అర్థం చేసుకుంది.

ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ అనే అశ్వవిన్యాస పోటీ అప్పటిదాకా సైనికాధికారులకే పరిమితం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో తొలిసారి ఆడవాళ్లకీ అవకాశం ఇచ్చారు. మగవాళ్లతో పోటీపడి హార్టెల్ రజతం గెలిచింది. స్వర్ణం గెలిచిన స్వీడన్ రౌతు హెన్రీ సెయింట్ సీర్ ఆమెకి చెయ్యందించి పతక వేదిక ఎక్కించాడు. 1956లో ఆమె రెండో రజతం కూడా అందుకుంది.

ఆ గెలుపు చూశాక యూరప్‌లో ఫిజియోథెరపిస్టులకి ఆలోచన పుట్టింది. గుర్రం ఎక్కడం వల్ల ఆమె శరీరం ఇంత నేర్చుకుంటే పోలియో పిల్లలకి ఎందుకు పనికిరాదు? చిన్న చిన్న బృందాలు మొదలయ్యాయి. 1969లో బ్రిటన్‌లో ‘రైడింగ్ ఫర్ ది డిజేబుల్డ్ అసోసియేషన్’ ఏర్పడింది. అదే ఏడాది అమెరికాలోనూ ఒక జాతీయ సంఘం పుట్టింది. ఇప్పుడు దాని పేరు పాత్ ఇంటర్నేషనల్. శిక్షకులకి పరీక్షలు పెట్టి ధ్రువపత్రాలివ్వడం, కేంద్రాలకి భద్రతా ప్రమాణాలు రాయడం ఇలాంటి సంఘాల పని. 1996 అట్లాంటా నుంచి పారాలింపిక్స్‌లో అశ్వవిన్యాసం చేరింది.

ఆ బ్రిటిష్ సంఘం తరగతిలో 1990ల్లో ఒక ఆరేళ్ల పిల్ల చేరింది. పేరు సోఫీ క్రిస్టియన్‌సెన్. నెలలు నిండకుండా పుట్టడంతో సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. ఫిజియోథెరపీలో భాగంగా గుర్రమెక్కించారు. పదహారేళ్లకి 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆ తరవాత బీజింగ్, లండన్, రియోల్లో కలిపి 8 స్వర్ణాలు. మధ్యలో గణితంలో మాస్టర్స్ డిగ్రీ పూర్తిచేసి, పెద్ద బ్యాంకులో ఉద్యోగం చేసింది. ప్రతి పిల్లా సోఫీ కాలేదు, కానక్కర్లేదు కూడా. ఆమె కథ చెప్పేది ఒకటే: చికిత్స కోసం ఎక్కించిన గుర్రం మీద ఒక పిల్ల తనకి ఏది బాగా చేతనవుతుందో తెలుసుకుంది.

నిమిషానికి వంద అడుగులు

కదిలే గుర్రం మీద కూర్చుంటే శరీరానికి ఏమవుతుంది? గుర్రం మెల్లగా నడుస్తున్నప్పుడు దాని వెన్ను ఒకేసారి మూడు రకాలుగా కదులుతుంది. ముందుకీ వెనక్కీ, పక్కలకీ, కొంచెం మెలి తిరుగుతూ. మీద కూర్చున్నవాళ్ల కటి కూడా ఆ లయలోనే కదలక తప్పదు. మనిషి తన కాళ్ల మీద తాను నడుస్తున్నప్పుడు కటి కదిలేదీ దాదాపు ఇదే తీరులో. అంటే ఎప్పుడూ నడవని పిల్ల కూడా నడక ఎలా ఉంటుందో తన నడుంలో తెలుసుకుంటుంది. గుర్రం నిమిషానికి సుమారు వంద అడుగులు వేస్తుంది. అరగంట తరగతిలో ఆ కదలిక మూడు వేల సార్లు పునరావృతమవుతుంది. ఏ వ్యాయామశాలలోనూ ఒక పిల్ల చేత అలసటా ఏడుపూ లేకుండా అన్నిసార్లు ఒకే పని చేయించడం కష్టం.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న చాలామంది పిల్లల్లో తొడల లోపలి కండరాలు బిగుసుకుపోయి కాళ్లు కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. గుర్రం మీద కాళ్లు ఎడంగా వేసుకుని కూర్చోవాలి. దాని ఒళ్లు మనిషి ఒంటికన్నా కొద్దిగా వెచ్చగా, 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో ఉంటుంది. ఆ వెచ్చదనం, లయ, ఎడంగా కూర్చున్న భంగిమ మూడూ కలిసి బిగువుని నెమ్మదిగా సడలిస్తాయి. అమెరికాలో 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న 15 మంది పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఎనిమిది నిమిషాలు గుర్రం మీద, రెండో జట్టు అంతే సేపు కదలని పీపా మీద కాళ్లు ఎడంగా వేసుకుని కూర్చుంది. వీపుకీ కాళ్లకీ రెండు వైపులా ఉన్న కండరాలు సమానంగా పనిచేయడంలో మెరుగుదల కనిపించింది గుర్రమెక్కిన జట్టులోనే. కూర్చోవడం ఒక్కటే చాలదని, పని చేసేది కదలికేనని దాంతో అర్థమైంది.

చూసేవాళ్లకి పిల్లాడు గుర్రం మీద షికారు చేస్తున్నట్టే ఉంటుంది. కానీ థెరపిస్టు ఆ అరగంటలో వేసే లెక్కలు చాలా ఉంటాయి. గుర్రాన్ని ఠక్కున ఆపితే పిల్లాడి కడుపు కండరాలు పట్టుకోవాలి. గుండ్రంగా తిప్పితే బయటివైపు నడుం సాగాలి. వెనక్కి తిప్పి కూర్చోబెడితే చేతుల మీద బరువు పడుతుంది. నడక వేగం పెంచితే మందకొడిగా ఉన్న పిల్లలు చురుకవుతారు, తగ్గిస్తే కుదురులేని పిల్లలు నెమ్మదిస్తారు.

ఈ రంగంలో మూడు వేర్వేరు పనులున్నాయి. తల్లిదండ్రులు వీటిని కలగలపకూడదు. మొదటిది హిప్పోథెరపీ. ఇక్కడ గుర్రాన్ని వాడేది అర్హతున్న ఫిజియో, ఆక్యుపేషనల్ లేదా స్పీచ్ థెరపిస్టు. గుర్రపు కదలిక వాళ్ల చేతిలో ఒక సాధనం. రెండోది అనుకూల స్వారీ. శిక్షకుడు పిల్లకి తగ్గట్టు మార్చి స్వారీ నేర్పుతాడు. మూడోది గుర్రంతో చదువు. దీనిలో చాలాసార్లు గుర్రం ఎక్కనే ఎక్కరు. మాలిష్ చేయడం, దాణా కొలవడం, పగ్గం పట్టి నడిపించడం ద్వారానే పాఠం సాగుతుంది.

మాట కోసం గుర్రం ఆగుతుంది

ఆటిజం ఉన్న పిల్లల విషయానికొస్తే ఇప్పటిదాకా జరిగినవాటిలో గట్టి పరీక్ష 2015లో వెలువడింది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ గేబ్రియల్స్ బృందం 6 నుంచి 16 ఏళ్ల లోపు 127 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడగొట్టింది. ఒక జట్టుకి పది వారాల పాటు నిజం గుర్రాల మీద స్వారీ. రెండో జట్టు కూడా అదే లాయానికొచ్చి గుర్రాల గురించే నేర్చుకుంది. అయితే గుర్రాన్ని ముట్టుకోలేదు, పెద్ద బొమ్మ గుర్రం సాయంతో పాఠాలు విన్నది. పది వారాల తరవాత స్వారీ జట్టులో చిరాకు, అతి చురుకుదనం తగ్గాయి. ఎదుటివాళ్లని అర్థం చేసుకోవడం, మాట కలపడం మెరుగయ్యాయి. పిల్లలు వాడిన మొత్తం మాటలూ, వేర్వేరు మాటల సంఖ్యా కూడా పెరిగాయి.

మాటలు పెరగడానికి కారణం గుర్రంతో ఉండే లెక్క. ‘నడు’ అంటే కదులుతుంది, ‘ఆగు’ అంటే ఆగుతుంది. తరగతిలో గుర్రం పగ్గం పట్టుకున్న మనిషి పిల్లాడు మాటో సైగో ఇచ్చేదాకా కదలనివ్వడు. పిల్లాడు ఒక్క శబ్దం చేస్తే అయిదు వందల కిలోల ప్రాణి అడుగేస్తుంది. మాటకి ఫలితం వెంటనే, శరీరమంతటికీ తెలిసేలా వస్తుంది. పైగా గుర్రం కళ్లలోకి చూడమని బలవంతపెట్టదు, ప్రశ్న మీద ప్రశ్న వేయదు, మొహం చిట్లించదు. వేటాడే జంతువుల నుంచి తప్పించుకుని బతికిన జాతి కాబట్టి ఎదుటివాళ్ల ఒంటి బిగువునీ ఊపిరినీ ఇట్టే పసిగడుతుంది. పిల్లాడు అరిస్తే తల ఎత్తి బిగుసుకుంటుంది, నెమ్మదిస్తే తల దించుతుంది. తన ప్రవర్తన ఎదుటివాళ్ల మీద ఎలా పనిచేస్తుందో పిల్లాడికి ఉపన్యాసం అక్కర్లేకుండా తెలుస్తుంది.

బరంపురం తెలుగు ఇళ్లకి ఇది మరీ దగ్గరి విషయం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లిష్. మాట ఆలస్యమైన పిల్లాణ్ని డాక్టరుకి చూపిస్తే బంధువుల నుంచి వచ్చే మొదటి సలహా ‘ఇంట్లో తెలుగు మానేయండి, ఒక్క భాషే మాట్లాడండి’ అని. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి నష్టం జరగదనే ఇప్పటిదాకా పరిశోధనలు చెబుతున్నాయి. అమ్మమ్మతో మాట్లాడే భాషని పిల్లాడి నుంచి తీసేస్తే పోయేది ఆ అనుబంధమే. గుర్రంతో తరగతికి కావాల్సిన మాటలు పది పన్నెండే. నడు, ఆగు, ఇటు, అటు, మెల్లగా, ఇంకా, చాలు. అవి తెలుగులో ఉన్నా ఒడియాలో ఉన్నా గుర్రానికి ఒకటే. పిల్లాడు తనకి చేతనైన భాషలో మొదలుపెట్టొచ్చు.

గుర్రాలూ ఆటిజం కలిసిన కథ అనగానే చాలామందికి గుర్తొచ్చేది రూపర్ట్ ఐజక్‌సన్ రాసిన పుస్తకం ‘ది హార్స్ బాయ్’. 2009లో వచ్చింది. ఆటిజం ఉన్న తన కొడుకు రోవన్ పక్కింటి గుర్రం దగ్గర నెమ్మదించడం చూసి, ఆ తండ్రి వాడితో కలిసి గుర్రమెక్కాడు. తరవాత కుటుంబమంతా మంగోలియా గడ్డి మైదానాలదాకా వెళ్లింది. ఆ అనుభవం నుంచి ఒక శిక్షణ పద్ధతే పుట్టింది. అది ఒక తండ్రి తన బిడ్డ గురించి చెప్పిన నిజం. దాన్ని పట్టుకుని ‘గుర్రమెక్కిస్తే ఆటిజం పోతుంది’ అని ప్రచారం చేసేవాళ్లని మాత్రం నమ్మకూడదు. ఆటిజం జబ్బు కాదు, పోగొట్టేందుకు. గుర్రం చేయగలిగింది ఆ పిల్లాడి రోజుని తేలిక చేయడం, నేర్చుకునే దారిని వెడల్పు చేయడం.

లాయమే తరగతి గది

పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ పేరు ఆటిజం తెలిసిన ఇళ్లలో వినే ఉంటారు. 1947లో పుట్టారు. దాదాపు నాలుగేళ్లు వచ్చేదాకా మాట రాలేదు. తోటిపిల్లల వెక్కిరింపులకి ఎదురుతిరిగి బడి నుంచి వెళ్లిపోవాల్సొచ్చింది. తరవాత చేరిన హాస్టల్ బడి పేరు హాంప్‌షైర్ కంట్రీ స్కూల్. చదువు మీద మనసు పెట్టలేదు కానీ అక్కడి గుర్రాల లాయం మొత్తం భుజాన వేసుకున్నారు. రోజూ పేడ ఎత్తడం, దాణా వేయడం, మాలిష్ చేయడం. వేళ తప్పకూడదు, ఒక గుర్రాన్నీ మరవకూడదు. బాధ్యతగా పనిచేయడం తనకి ఆ లాయమే నేర్పిందని ఆమె తరవాత పలుమార్లు చెప్పారు. అదే బడిలో విలియం కార్లాక్ అనే సైన్సు మాస్టారు ఆమె ఆసక్తిని చదువు వైపు మళ్లించారు. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయిన గ్రాండిన్ గీసిన నమూనాల ప్రకారమే ఉత్తర అమెరికాలో పశువుల్ని నడిపించే దారులు ఎన్నో కట్టారు.

న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూస్టర్ దగ్గర గ్రీన్ చిమ్నీస్ అనే బడి ఉంది. శామ్యూల్ రాస్ 1940ల చివర్లో ఒక పాల పొలంలో మొదలుపెట్టారు. భావోద్వేగ సమస్యలూ, నేర్చుకోవడంలో ఇబ్బందులూ ఉన్న పిల్లలు అక్కడ చదువుతోపాటు గుర్రాలు, గొర్రెలు, గాయపడిన పక్షుల్ని చూసుకుంటారు. పొలం పని అక్కడ ఆటవిడుపు కాదు, బడి పాఠ్యప్రణాళికలో భాగం.

ఇలాంటి పాఠం ఎలా సాగుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. మూడు వందల కిలోల గుర్రం రోజుకి తన బరువులో సుమారు 2 శాతం ఎండుమేత తింటుంది. అంటే ఎన్ని కిలోలు? తక్కెడలో తూచి చూడు. అది శాతాల లెక్క. ఉలవలు నానబెట్టి వేయాలంటే ఏ పూట నానబెట్టాలి? అది కాలం లెక్క. మాలిష్‌కి ముందు ఏ బ్రష్, తరవాత ఏ బ్రష్? అది వరుసక్రమం. డెక్కలో రాయి ఇరుక్కుంటే తీయడానికి గుర్రం కాలెత్తేదాకా ఆగాలి. అది ఓర్పు. అశ్వవిన్యాస మైదానం చుట్టూ ఎప్పుడూ ఇంగ్లిష్ అక్షరాల పలకలు నిలబెడతారు, ఏ మలుపు ఎక్కడో గుర్తుకోసం. వాటి స్థానంలో ఒక వైపు ఒడియా అక్షరాలూ మరో వైపు తెలుగు అక్షరాలూ పెట్టి, ‘క దాకా నడిపించు, అక్కడ ఆపు’ అంటే అది అక్షరాల బడే. పుస్తకం ముందు అయిదు నిమిషాలు కూర్చోని పిల్లాడు ఈ పాఠంలో అరగంట నిలబడగలడు. శరీరమంతా అక్షరం వైపే నడుస్తుంది కాబట్టి.

ఎవరికి కూడదు?

డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడలోని పై రెండు వెన్నుపూసల మధ్య కీలు వదులుగా ఉంటుంది. గుర్రం మీద కుదుపు వాళ్లకి ప్రమాదం. మెడని డాక్టరు పరీక్షించి రాసిచ్చాకే ఎక్కించాలి. అదుపులో లేని మూర్ఛ, తేలిగ్గా విరిగే ఎముకలు, తుంటి కీలు తొలగి ఉండటం, బాగా వంకర తిరిగిన వెన్ను, గుర్రపు వెంట్రుకలకి తీవ్రమైన ఎలర్జీ ఉన్నవాళ్లకీ ఎక్కించరు. హెల్మెట్ తప్పనిసరి. మొదట్లో ఒక పిల్ల కోసం పగ్గం పట్టేవాళ్లొకరు, రెండు పక్కలా నడిచేవాళ్లిద్దరు, పాఠం నడిపేవాళ్లొకరు ఉండాలి. మొత్తం నలుగురు. ఈ చదువు ఖరీదు కావడానికి గుర్రం మేత కన్నా ఈ నలుగురు మనుషులే పెద్ద కారణం.

రుజువుల విషయంలోనూ దాపరికం ఉండకూడదు. చాలా అధ్యయనాలు కొద్దిమంది పిల్లలతోనే జరిగాయి. కూర్చునే పట్టు, నడుం స్థిరత్వం, చిరాకు తగ్గడం గురించి చెప్పుకోదగ్గ ఫలితాలున్నాయి. తెలివితేటల కొలతలు మారతాయనీ, ఇతర థెరపీలు మానేయొచ్చనీ చెప్పే ఆధారం లేదు. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, ప్రత్యేక విద్య సాగుతూ ఉంటే, వాటి పక్కన వారానికి ఒకటి రెండు పూటలు గుర్రం తరగతి. దాని చోటు అది.

గుర్రానికీ హక్కుంది. రోజంతా పెళ్లి ఊరేగింపుల్లో టపాసుల మధ్య నిలబడిన గుర్రాన్ని మర్నాడు పొద్దున్నే పిల్లల కిందకి తెస్తే అది నేరమే. ఈ పనికి వయసు మళ్లిన, నెమ్మది స్వభావమున్న, చక్రాల కుర్చీకీ ఎగిరే బంతికీ అకస్మాత్తు అరుపుకీ అలవాటు చేసిన గుర్రాలు కావాలి. రోజుకి కొద్ది తరగతులే, మధ్యలో విశ్రాంతి, వారంలో సెలవు ఉండాలి.

బరంపురానికి ఏమున్నాయి, ఏం కావాలి?

మనుషుల బలం ఈ ప్రాంతానికి తక్కువ కాదు. 1962లో మొదలైన ఎంకేసీజీ వైద్య కళాశాల బరంపురంలోనే ఉంది. రెడ్‌క్రాస్ అంధుల పాఠశాల ఉంది. చూపులేని పిల్లలు దిశ, నిలకడ, నమ్మకంగా అడుగేయడం నేర్చుకోవడానికి గుర్రం బాగా పనికొస్తుందని ఇతర దేశాల అనుభవం. 1967 నాటి బరంపురం విశ్వవిద్యాలయం ఉంది. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టుల్ని తయారుచేస్తోంది. తెలుగువాళ్లకి బాగా తెలిసిన సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ 1984 నుంచి మేధోవైకల్యమున్న పిల్లల కోసం ప్రత్యేక ఉపాధ్యాయుల్ని తీర్చిదిద్దుతోంది. ఈ అయిదు చోట్ల ఉన్న నైపుణ్యాన్ని ఒక లాయం దగ్గరికి చేర్చాలి. పక్కన నడిచే మనుషుల కొరతని కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు తీర్చగలరు. నేర్పించి, నెలల తరబడి అదే పిల్లతో ఉంచితే ఆ విద్యార్థులూ చాలా నేర్చుకుంటారు.

గుర్రాల సంగతి అంత తేలిక కాదు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 6.25 లక్షలున్న గుర్రాలూ పోనీలూ 2019కి 3.4 లక్షలకి పడిపోయాయి. జట్కాలు పోయాయి, వాటితో గుర్రం తెలిసిన మనుషులూ తగ్గిపోయారు. పిల్లల తరగతికి పెద్ద గుర్రం కన్నా పోనీయే మేలు. మణిపురి పోనీ ఎత్తు 44 నుంచి 52 అంగుళాలే. పక్కన నడిచేవాళ్ల చెయ్యి పిల్ల నడుం దాకా అందుతుంది, అవసరమైతే వెంటనే దించగలరు. లాయం పెట్టేవాళ్లు గ్లాండర్స్ అనే వ్యాధి గురించి తెలుసుకుని ఉండాలి. గుర్రాల నుంచి మనుషులకి సోకే ప్రాణాంతక వ్యాధి అది. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దీనికి రక్తపరీక్షలు చేస్తుంది. ఆ పరీక్ష లేకుండా ఏ గుర్రాన్నీ పిల్లల దగ్గరికి తేకూడదు.

వాతావరణం కూడా లెక్కలోకి రావాలి. గంజాం తీరంలో వేసవి ఉక్కపోతకి గుర్రం మనిషిలాగే చెమటలు కక్కుతుంది. మార్చి నుంచి తరగతులు తెల్లవారుజామున మొదలై ఎండ ముదరకముందే అయిపోవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. లాయం కట్టేటప్పుడే రేకుల కప్పు కాకుండా గట్టి కప్పు, నీరు నిలవని ఎత్తు నేల, తుపాను హెచ్చరిక వస్తే గుర్రాల్ని లోపలి ఊళ్లకి తరలించే ఏర్పాటు అనుకుని ఉంచాలి.

డబ్బు మాటకొస్తే చట్టం కొంతవరకు తోడుంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. 40 శాతం, అంతకు మించిన వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకి దగ్గరి బడిలోనో, తాము కోరుకున్న ప్రత్యేక బడిలోనో ఉచిత విద్య హక్కు ఇచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహువైకల్యాలున్నవాళ్లకి నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ బీమా ద్వారా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం, థెరపీ ఖర్చులు అందుతాయి. గుర్రం తరగతిని ఒక డబ్బున్నవాళ్ల సరదాగా కాకుండా పిల్ల వ్యక్తిగత విద్యా ప్రణాళికలో భాగంగా రాయగలిగితేనే ప్రభుత్వ నిధి వైపు తలుపు తెరుచుకుంటుంది. అలా రాయాలంటే ముందు నలుగురైదుగురు పిల్లలతో ఒక చిన్న ప్రయత్నం జరగాలి. వైద్య కళాశాల పిల్లల్ని పరీక్షించాలి, ప్రత్యేక ఉపాధ్యాయులు లక్ష్యాలు రాయాలి, విశ్వవిద్యాలయం ఫలితాల్ని కొలిచి ప్రకటించాలి. పట్టు చీరలకీ పండగలకీ పేరున్న ఊరు ఇలాంటి ప్రయత్నానికి పేరు తెచ్చుకుంటే అది గంజాంతో ఆగదు. సరిహద్దుకి ఇవతల ఇచ్ఛాపురం, సోంపేట, పలాస పిల్లలకీ అదే దగ్గరి బడి అవుతుంది.

చేర్చే ముందు అడగండి

ఏ ఊళ్లో అయినా పిల్లని గుర్రం తరగతిలో చేర్చాలనుకునే అమ్మానాన్నలు ముందు డాక్టరు అనుమతి తీసుకోవాలి. తరవాత కేంద్రంలో అయిదు ప్రశ్నలు అడగాలి.

పాఠం నడిపేవాళ్ల అర్హత ఏమిటి? థెరపిస్టు లేదా ప్రత్యేక ఉపాధ్యాయులైతే భారత పునరావాస మండలి నమోదు, లేదా వాళ్ల వృత్తికి తగిన నమోదు చూపించగలగాలి. స్వారీ శిక్షకులైతే ఇలాంటి పిల్లలతో పనిచేసిన శిక్షణ ఉండాలి.

పిల్ల చుట్టూ ఎంతమంది ఉంటారు? కొత్త పిల్లకి పగ్గం పట్టే ఒక్కరు తప్ప ఇంకెవరూ ఉండరన్నారంటే ఇంటికి తిరిగి రావడమే మంచిది.

ఈ గుర్రం మిగతా రోజంతా ఏం చేస్తుంది? దాని ఆరోగ్య పరీక్షల కాగితాలు ఎక్కడున్నాయి?

పిల్ల ఎక్కనంటే ఏం చేస్తారు? మంచి కేంద్రంలో వారాల తరబడి నేల మీది పనులతోనే తరగతి నడుస్తుంది. బలవంతంగా ఎక్కించేవాళ్ల దగ్గర పిల్లకి మిగిలేది భయమే.

పన్నెండు వారాల తరవాత మా పిల్లలో ఏ మార్పు కోసం చూస్తున్నారు, దాన్ని ఎలా కొలుస్తారు? ‘ఆసరా లేకుండా అయిదు నిమిషాలు నిటారుగా కూర్చోవడం’, ‘కావాల్సింది మాటతోనో సైగతోనో అడగడం’ అన్నంత స్పష్టంగా జవాబు రావాలి. దాన్ని కాగితం మీద రాయించుకుని, పిల్లని చూసే ఫిజియోథెరపిస్టుకీ బడి టీచరుకీ తలా ఒక నకలు ఇవ్వండి. మూడు నెలల తరవాత ముగ్గురూ కూర్చుని ఆ కాగితాన్ని చూసి, తరగతులు కొనసాగించాలో, మార్చాలో, ఆపాలో తేల్చుకోవచ్చు.